కల్లుగీత ఉప్పలయ్య కళ్ళు చెప్పిన సంగతి

పురుషోత్తం సారును ప్రశ్న అడిగితే జవాబు రాదు, తరువాతి రోగి వస్తాడు. చెవి డాక్టరుగా ముప్ఫై ఏళ్ళ నుంచీ ఆయన పద్ధతి అదే మరి! ఆయన దగ్గర పని నేర్చుకుంటున్న డాక్టరు నీరజ ఆ రోజు అడగనే అడిగింది: "తల తిరుగుతోందని వచ్చినవాణ్ణి పడుకోబెట్టి మళ్ళీ తిప్పించడం ఏం పరీక్ష సార్? పాపం కదా!"

సారు గంట కొట్టారు.

వచ్చినవాడు కల్లు గీసే ఉప్పలయ్య. ఎంత ఎత్తు తాటిచెట్టయినా చకచకా ఎక్కేసే మనిషి, మెడకు పట్టీతో, భార్య సోమక్క భుజం పట్టుకుని నడిచొచ్చాడు. నెల కిందట చెట్టు మొదట్లో నిలబడి పైకి చూశాడట, అంతే, చెట్టే గిర్రున తిరిగింది. పక్కమీద ఒత్తిగిలినా అదే తంతు, నిమిషంలోపు తగ్గిపోతుంది. మెడ ఎముకలు అరిగాయని ఎవరో పట్టీ వేశారు. తలకు స్కానూ తీశారు, అందులో ఏమీ లేదు. చెట్టెక్కే మోకును సోమక్క అటకమీద పడేసింది. ఆదివారంలోగా ఎక్కకపోతే అతని చెట్లు ఇంకొకరికి పోతాయి.

"పండబెట్టకుండ్రి సారూ, సచ్చిపోత. ఎడమ చెవే గుయ్యిమంటంది, దానికేదన్న గోలియ్యిండ్రి."

నీరజ కూడా ఎడమ చెవే అనుకుంది. సారు మాత్రం, "రెండు పక్కలా చూద్దాం. కండ్లు మూయకు ఉప్పలయ్యా," అన్నారు. నీరజ అతని తల ఎడమకు తిప్పి వెనక్కి పడుకోబెట్టింది. ఏమీ లేదు. లేపి, కుడికి తిప్పి మళ్ళీ పడుకోబెట్టింది. ఒకటి, రెండు, మూడు... "ఓయమ్మో!" అంటూ ఉప్పలయ్య ఆమె మణికట్టు పట్టేసుకున్నాడు. జాలేసి నీరజ మొహం తిప్పుకుంది.

"అటు కాదమ్మా, ఇటు చూడు!"

చూసింది. ఆహా, ఏం చూసింది! కనుగుడ్లు రెండూ నుదుటి వైపుకు ఎగురుతూ, కుడి చెవి వైపుకే మెలితిరుగుతున్నాయి, వేలెత్తి చూపించినట్టు! ఆ చెవి లోపలి పలుకులు, ఇసుకకన్నా సన్ననివి, చోటు తప్పి సన్న గొట్టంలో పడ్డాయన్నమాట, అవి కదిలినప్పుడల్లా తల తిరుగుతుంది. అర నిమిషంలో కళ్ళు నిలిచాయి. ఆ పలుకులు మళ్ళీ తమ చోటికి జారేలా, సారు చెబుతుంటే నీరజ అతని తలను మెల్లగా ఎడమకు తిప్పింది, ఆగింది, మనిషిని అదే పక్కకు దొర్లించింది, ఆగింది, లేపి కూర్చోబెట్టింది. కాసేపయ్యాక మళ్ళీ కుడికి పడుకోబెడితే కళ్ళు కదిలితే ఒట్టు!

"గిదేనా! గింతదానికి నెల దినాలు మెడకు కట్టు కట్టిన్రా?" ఉప్పలయ్య పట్టీ పీకి సోమక్క చేతిలో పెట్టాడు. "చెట్టెప్పుడెక్కాలె సారూ?"

"శనివారం రా. మళ్ళీ ఇట్లనే పండబెడతం. కళ్ళు కదలకపోతే ఎక్కు."

"పదిసార్లు పండబెట్టుండ్రి!"

వాళ్ళు వెళ్ళాక నీరజ ఎర్రగా కందిన మణికట్టు రుద్దుకుంటూ సారు వైపు చూసింది.

"ఈ నెలంతా అందరూ అతనికి తల తిరగకుండానే చూసుకున్నారమ్మా, తిరిగేటప్పుడు కళ్ళు చూసినవాళ్ళే లేరు," అన్నారు సారు.