బండికి గుడి పెట్టిన మేకపోతు

కొర్రలపాడు పొలిమేర దాటి, జామాయిలు తోపు పక్కగా నాలుగడుగులు వేస్తే ఒక దొడ్డి వస్తుంది. అందులో ఒక ఎద్దు, ఒక మేకపోతు, ఆరు బాతులు, ఒక పిల్లి, కొన్ని కోళ్ళు, కాపలాకి ఒక కుక్క. ఎద్దుకి తప్ప అందరికీ ఫోన్లున్నాయి. ఫోన్లెక్కడివంటారా? పక్క కొండ మీది కోతులు యాత్రికుల చేతుల్లోంచి లాక్కుంటాయి గదా, నాలుగు జామకాయలు పడేస్తే ఒకటి ఇచ్చేస్తాయి. బోరు మోటారుకి బిగించిన సోలారు పలక దగ్గర చార్జింగు. ఫోన్లున్నాక గ్రూపు లేకుండా ఉంటారా? పెట్టారు. దాని పేరు 'మన దొడ్డి మన మాట'.

మాట మనదే గానీ, దిద్దేది మాత్రం మేకపోతు కొమ్మయ్య.

కొమ్మయ్యకి అంత చదువు ఎలా అబ్బిందంటే, ఆరేళ్ళ కిందట బడి వెనక పారేసిన వ్యాకరణం పుస్తకం ఒకటి దొరికితే ఒక్క పూటలో నమిలేశాడు. అక్షరాలు, గుణింతాలు, సంధులు అన్నీ కడుపులోకి పోయాయి. సమాసాలు వానకి తడిసి బూజు పట్టి ఉంటే వదిలేశాడు. ఆనాటి నుంచీ గడ్డం నిమురుకోవడం, ఎవరు ఏం రాసినా తప్పులు ఏరడం. పిల్లి 'శుభోదయం' అని రాయబోయి 'సుబోదయం' అని రాస్తే, తెల్లారేసరికి దానికి పాఠం చెప్పేవాడు. బాతులు 'వర్షం' అని రాయలేక, 'వాన' అని రాసుకుని బతికిపోయేవి.

"ఒరే కొమ్మయ్యా, కందకి లేని దురద కత్తిపీటకెందుకురా?" అనేవాడు ఎద్దు వీరన్న, పక్క గుంజ దగ్గర నెమరు వేసుకుంటూ.

"భాష పాడైపోతుంటే చూస్తూ ఊరుకోనా అన్నా?"

"భాష సంగతి సరే. మనుషులు... అదే, మన జంతువులు పాడైపోతున్నారు గదరా నీ దెబ్బకి."

వీరన్నకి ఫోన్ లేదు. ఆ డెక్క ఒక్కసారి పడిందంటే ఏ ఫోనైనా అప్పడమే. అందుకని వాడికి ఈ సంగతులేం తెలుస్తాయిలే అనుకునేవాడు కొమ్మయ్య.

ఇదిలా ఉండగా చుక్కమ్మ అనే పడుచు పెట్ట పొదుగుకి సిద్ధమైంది. మొదటి కాన్పు. తొమ్మిది గుడ్లు. దొడ్డిలో అయితే బాతుల తొక్కిడి, పిల్లి చూపు. అందుకని తోపు అవతల, ఇరుసు విరిగి ఏళ్ళ తరబడి పడి ఉన్న పాత బండి కింద చోటు చూసుకుంది. ఆ సంగతి కొమ్మయ్య ఒక్కడికే చెప్పింది. వాడు మేతకి అటే పోతాడు గనక, ఏదన్నా అవసరమైతే కేకేయొచ్చని.

"మావా, నా మీదొట్టు. ఎవరికీ చెప్పకు."

"నా గడ్డం మీదొట్టు" అన్నాడు కొమ్మయ్య.

ఆ సాయంత్రమే చుక్కమ్మ సంబరంగా గ్రూపులో ఇలా రాసింది: 'నేను తల్లిని కాబోతునాను. ఇరవైఒకటి రోజులు కనపడను. అందరు దీవించండి.'

బాతులు దీవించబోతున్నాయి. ఈలోపే కొమ్మయ్య మూతి ఫోన్ మీద పడింది.

'కాబోతునాను కాదమ్మా, కాబోతున్నాను. నకు నావత్తు. ఇరవైఒకటి రోజులు కాదు, ఇరవయ్యొక్క రోజులు. అందరు కాదు, అందరూ. దీర్ఘం మరవకూడదు. తల్లివి కాబోతున్నావు, పిల్లలకి ఏం నేర్పుతావు?'

పిల్లి పళ్ళికిలించిన బొమ్మ పెట్టింది. దాన్ని చూసి బాతులు ఆరూ ఆరు బొమ్మలు పెట్టాయి. దీవెన మాత్రం ఒక్కరూ పెట్టలేదు.

చాలాసేపటికి చుక్కమ్మ నుంచి ఒక్క మాట వచ్చింది: 'మావా, నీకు గుడులు కావాలి. నాకు గుడ్లు కావాలి. ఇంక నీకూ నాకూ మాటల్లేవు.'

అంతే. గ్రూపులోంచి వెళ్ళిపోయింది. కొమ్మయ్యని బ్లాక్ కూడా చేసింది.

"చూశావా అన్నా, మంచి చెబితే కోపం" అన్నాడు కొమ్మయ్య.

"మంచే చెప్పావు. చెవిలో చెప్పాల్సింది చావిట్లో చెప్పావు" అన్నాడు వీరన్న.

రెండు వారాలు పోయాయి. గ్రూపులోకి కొత్తగా ఒకరు వచ్చారు. పేరు మల్లిక, ఊరు తోపు అవతల, జాతి కుందేలు, బొమ్మ స్థానంలో గుప్పెడు మల్లెపూలు. చేర్చింది కొమ్మయ్యే. ఎందుకు చేర్చడు? 'గురువుగారూ, మీ దిద్దుబాట్ల సంగతి కొండ దాకా వినపడింది. ఈ మూర్ఖురాలికి నాలుగు అక్షరాలు నేర్పండి' అని ప్రాధేయపడితే ఎవడి గడ్డమైనా నిలువుగా లేస్తుంది.

మల్లికకి ఉన్న సరదా అల్లా పాటలు కట్టడం. చుక్కమ్మకి దీవెనగా ఒక పాట కడుతున్నానంది. మొదటి రోజు ఇలా పెట్టింది: 'గడ్డివాము కింధ బంగారు గుడ్లు.'

'కింధ కాదు, కింద. దకు ఒత్తు లేదు' అని దిద్దాడు కొమ్మయ్య.

రెండో రోజు: 'భావి గట్టు కింద బంగారు గుడ్లు.'

'భావి అంటే రాబోయే కాలం. నీళ్ళున్నది బావి' అని దిద్దాడు.

'మీరు లేకపోతే నేనేమైపోదును గురువుగారూ!' అంది మల్లిక.

మూడో రోజు మిట్టమధ్యాహ్నం. చుక్కమ్మ పొదుగుకి అది పదిహేడో రోజు. రైతు ఇంటిల్లిపాదీ పత్తి ఏరడానికి పోయారు. మల్లిక ఇలా పెట్టింది: 'బండ కింద బంగారు గుడ్లు.'

కొమ్మయ్య చూశాడు. అక్షరాలన్నీ సరిగానే ఉన్నాయి. అయినా ఎక్కడో ముల్లు గుచ్చుకున్నట్టుంది. బండ... బండ... అరె, ఒక్క గుడి పోయింది! పట్టేశానని మురిసిపోతూ మూతితో టకటకా కొట్టాడు.

'బండ కాదమ్మా, బండి. డకి గుడి మరిచావు.'

చిటికెలో జవాబు వచ్చింది. 'ఆహా! ఒక్క గుడితో నాకు కడుపు నింపారు గురువుగారూ. ఇప్పుడే స్నానం చేసి దీవించడానికి బయల్దేరుతున్నా.'

కొమ్మయ్య ముసిముసిగా నవ్వుకుంటుంటే వీరన్న అడిగాడు. "ఏమిట్రా అంత ఆనందం?"

కొమ్మయ్య మల్లిక సంగతీ, ఆమె మల్లెపూల బొమ్మ సంగతీ చెప్పి, మూడు రోజుల పాఠమూ వరసగా చదివి వినిపించాడు. వినడం అయ్యేసరికి వీరన్న నెమరు ఆగిపోయింది.

"ఒరే, గుడ్లు బండి కింద ఉన్నాయా?"

"ఉన్నాయి. అయితే?... అది అచ్చుతప్పు అన్నా."

"అచ్చుతప్పు కాదురా, ఎర! ఒకటి కాకపోతే ఒకటి అని మూడు చోట్లు వేసి చూసింది. రెండిట్లో నువ్వు ఒత్తులు దిద్దావు. మూడోదాంట్లో చోటు దిద్దావు. అయినా కుందేలికి గుడ్లతో ఏం పనిరా? ఆ మల్లెపూల బొమ్మ పెద్దది చేసి చూడు."

పెద్దది చేసి చూశాడు. పూల వెనక, మూలగా, గోధుమ రంగులో కుచ్చులాంటి తోక కొస.

కొమ్మయ్య గడ్డం జారిపోయింది. "నక్క!"

"జామాయిలు తోపులో ఉండే గుంటనక్క నాగులు. ఇంకెవరు!"

"అన్నా, తొమ్మిది గుడ్లు... పైన చుక్కమ్మ కూర్చుని ఉంటుంది. రెక్క కూడా విప్పదు, పొదుగులో ఉన్న పెట్ట."

చుక్కమ్మకి చెబుదామని ఫోన్ కొడితే మోగదు. బ్లాకు. గ్రూపులో చెబుదామంటే ఆమె లేదు. బాతుల చేత చెప్పిద్దామంటే గుడ్ల చోటు పిల్లికి తెలిసిపోతుంది. పరిగెత్తుదామంటే మెడకి పలుపు, దాని చివర గుంజ. మూడుసార్లు గుంజాడు. గుంజ కదల్లేదు, కళ్ళు తేలేశాడు. గొంతు చించుకుని అరిచాడు. తోపు అవతలికి ఆ అరుపు ఎక్కడ చేరుతుంది!

"చేతులు కాలాయి. ఆకులు నాలుగైనా ఉన్నాయేమో చూడు" అన్నాడు వీరన్న. "తోపు ఇవతలి పెద్ద బండ కింద ఏముందో తెలుసు గదా?"

"మన కాపలా కుక్క రంగి ఉంది. పిల్లల్ని పెట్టి వారమైంది. నిన్న ముద్ద పెట్టబోయిన రైతునే పంచె పట్టుకుని లాగింది."

"మరింకేం. నాగుల్ని అటు పంపు."

"ఎలా? వాడు నేను దిద్దిందే నమ్ముతాడు."

"అందుకే నువ్వు దిద్దిందే తప్పని రాయి."

కొమ్మయ్య రెండడుగులు వెనక్కి వేశాడు. ఆరేళ్ళలో ఎవరి తప్పో ఒకరిది చూపించాడు గానీ, తనది ఒక్కటి చూపించిన పాపాన పోలేదు. "అన్నా, బండి రాయడం రాదని... నలుగురిలో..."

"అవున్రా. నలుగురిలోనే."

"పోనీ, వాణ్ణి గ్రూపులోంచి తీసేస్తే?"

"తీసేస్తే తెలిసిపోయిందని తిన్నగా బండి దగ్గరికే పోతాడు. ఉండనీ. మల్లెపూలు పెట్టుకొచ్చాడు గదా, వాడి చెవిలో పువ్వు మనం పెడదాం."

కొమ్మయ్య మొదలుపెట్టాడు. 'బహుశా ఇందాక నా వివరణలో కొంత అస్పష్టత...'

"ఏం రాశావు?" అని వీరన్న అడిగితే కొమ్మయ్య చదివి వినిపించాడు. "బహుశా ఏంట్రా, బహుశా! అక్కడ నక్క కాళ్ళు కడుక్కుని బయల్దేరుతుంటే! సూటిగా రాయి."

తుడిచేసి మళ్ళీ రాశాడు. 'మల్లికమ్మా, ఇందాక నేను దిద్దింది తప్పు. నీది ఒప్పు. బండి కాదు, బండే. గుడి అక్కర్లేదు. గుడులు నాకే సరిగా రావు. అందరూ క్షమించండి.'

"చాలా?"

"చాలదు" అన్నాడు వీరన్న. "ఇంత శుభ్రంగా రాస్తే ఎవడు నమ్ముతాడ్రా? ఒక తప్పు పెట్టు."

"అన్నా!"

"పెట్టు."

కొమ్మయ్య కళ్ళు మూసుకున్నాడు. క్షమించండిని చెరిపేసి, ఒక్కో అక్షరమూ కొట్టి పంపాడు: 'చెమించండి.'

ఇక చూడాలి గ్రూపుని! ఆరు బాతులూ ముప్పై ఆరు బొమ్మలు పెట్టాయి. పిల్లి అయితే 'పంతులుగారూ, మీకు నేను ట్యూషన్ చెప్పనా?' అంది. 'చెమించండి' అన్న మాట ఒకరి తర్వాత ఒకరు రాసి నవ్వారు. కొమ్మయ్య కళ్ళు మాత్రం ఒక్కచోటే ఉన్నాయి. మల్లిక చూసిందా, లేదా?

చూసింది. 'పరవాలేదు గురువుగారూ. పెద్దలకీ పొరపాట్లు సహజం. అయితే బండే గదా?'

'బండే' అని రాశాడు.

అంతే, ఇద్దరూ చెవులు రిక్కించి కూర్చున్నారు. చాలాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత బండ వైపు నుంచి ఒక్క పెట్టున మొరుగుడు, గుర్రుమనడం, మధ్యలో 'కెవ్వు'మని ఒక కేక. గుడ్ల ఆశ ముక్కుకి అడ్డం పడితే కుక్క వాసన ఎక్కడ తెలుస్తుంది!

కాసేపటికి దొడ్డి కంచె అవతలగా నాగులు మూడు కాళ్ళ మీద కుంటుకుంటూ పోతున్నాడు. తోక సగం ఊడింది.

"ఏం నాగులు బావా, ఆ కాలికేమయింది?" అని పలకరించాడు వీరన్న.

"సిగ్గుండాలి మీ దొడ్డికి!" అన్నాడు నాగులు వెనక్కి తిరక్కుండానే. "గుడ్లకి కుక్కని కాపలా పెట్టుకుంటారా ఎవరైనా? ఇంత మోసం కొండ మీద కూడా చూళ్ళేదు."

వాడు పోయాక కొమ్మయ్య ఫోన్ దగ్గరికి గబుక్కున మూతి తీసుకెళ్ళాడు.

"ఎందుకు?" అన్నాడు వీరన్న.

"అది ఎత్తు అన్నా, తప్పు కాదు అని ఒక్క ముక్క..."

"రాయి. రాస్తే నాగులు చదువుతాడు. గుడ్లు బండ కింద లేవని తెలుసుకుంటాడు. తను రాలేకపోతే తమ్ముణ్ణి పంపుతాడు. పిల్లలు రావడానికి ఇంకా నాలుగు రోజులుంది."

కొమ్మయ్య మూతి వెనక్కి తీసుకున్నాడు.

ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో కొమ్మయ్యకే తెలియాలి. బాతులు నీళ్ళ తొట్టి దగ్గరికి వరసగా వస్తూ "చెమించండి, చెమించండి" అని నడక పాట కట్టాయి. పిల్లి 'బండ్డి', 'బాండి', 'భండి' అని రోజుకొక రకంగా రాసి "ఇందులో ఏది ఒప్పు పంతులుగారూ?" అనేది. కడుపులో సంధులన్నీ గిర్రున తిరిగేవి. వాడు మాత్రం గడ్డి నములుతూ ఊరుకున్నాడు. ఒక్కోసారి తోపు వైపు చూసేవాడు.

అయిదో రోజు పొద్దున్నే చుక్కమ్మ వచ్చింది. వెనక తొమ్మిది పిల్లలు, పసుపు ఉండల్లా దొర్లుకుంటూ. వస్తూనే ముందు వీరన్న దగ్గర ఆగి మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో గానీ చాలాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత దొడ్డంతా చూస్తుండగా తిన్నగా కొమ్మయ్య దగ్గరికి వచ్చింది. బాతులు నడక ఆపాయి. ఇంకేముంది, మేకపోతుకి నలుగురిలో వడ్డన జరగబోతోందని పిల్లి గోడెక్కి కూర్చుంది.

చుక్కమ్మ గుంజ మీదికి ఎగిరి, కొమ్మయ్య చెవి దగ్గర ముక్కు పెట్టి, పిల్లలకి కూడా వినపడనంత మెల్లిగా అంది:

"మావా, నీ గడ్డానికి పేడ అంటుకుంది. అటు తిరిగి దులుపుకో. ఇంకా ఎవరూ చూళ్ళేదు."

కొమ్మయ్య అటు తిరిగి దులుపుకున్నాడు. ఇటు తిరిగేసరికి కళ్ళు చెమర్చి ఉన్నాయి.

"ఏమంది, ఏమంది?" అని బాతులు ఆరూ ఎగబడ్డాయి.

"ఏమీ లేదు" అన్నాడు కొమ్మయ్య. "మా ఇద్దరి మధ్య మాట."

నీతి: ఎదుటివాడి తప్పు చెవిలో చెప్పు, నీ తప్పు నలుగురిలో ఒప్పు.