విరిగిన ఒత్తులు

గురుపూజ నాటి పొద్దున్నే సిద్ధప్ప మొహం మాడ్చుకుని మఠం పెద్ద కాళప్పస్వామి దగ్గరికి వచ్చాడు.

ఎర్రమల కొండల అంచున ఉన్న ఆ మఠాన్ని కట్టిన పెద్దస్వామి తన తత్వాలు ఒక పుస్తకంలో రాసి పెట్టిపోయారు. ఆ పుస్తకాన్ని చెదలు తినేశాయి. అదృష్టం కొద్దీ, అంతకుముందే ఒక భక్తుడు దాన్ని టైపు చేయించి, పుస్తకాలు చదువుకునే ఈ-రీడర్‌లో ఎక్కించి మఠానికి పంపాడు. ఇప్పుడు ఆ తత్వాలు ఉన్నది అందులోనే. ఏళ్ల తరబడి ఎవరూ పాడని వాటిని ఈసారి సభలో పాడే పని సిద్ధప్ప మీద పడింది.

"దీన్ని నమ్ముకుని సభలో కూర్చోలేను స్వామీ. ఒత్తులు అక్షరం కిందికి దిగవు, పొల్లు తగిలించుకుని పక్కన నిలబడతాయి. అక్షరం పెద్దది చేస్తే పాదం చివర తెగిపోతుంది. పేజీ తిప్పితే నల్లబడి, ఎప్పటికో తేరుకుంటుంది. చెమట వేలు తగిలితే ముందుకు దూకేస్తుంది. నెల్లాళ్లుగా ఒక్కో మాటా అతికించుకుంటూ చస్తున్నాను."

స్వామి విస్తరి కుడుతున్నారు. తల ఎత్తలేదు.

"ఒక పాదం చదువు."

సిద్ధప్ప తెర వైపు చూసి చదివాడు. "కట్టె కాలినాక కర్త యెక్కడున్నాడు, చిత్తమా చెప్పవే..."

"ఒత్తు ఎక్కడ విరిగింది?"

"ఇదిగో స్వామీ, కర్త దగ్గర. చిత్తం దగ్గర కూడా."

"నాకు వినపడలేదే," అన్నారు స్వామి. ఇంకో ఆకు అందుకున్నారు.

మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్ల జనంతో మఠం నిండిపోయింది. సిద్ధప్ప రీడర్ చేత్తో పట్టుకుని, మొదటి తత్వం ఎలాగో గట్టెక్కించాడు. రెండోది ఎత్తుకున్నాడు. నడుమ పేజీ తిప్పాడు. తెర నల్లబడింది. ఎంతకీ తేరుకోలేదు.

తర్వాతి పాదం మాత్రం నోటికి వచ్చేసింది. దాని వెనకే ఇంకొకటి. సిద్ధప్ప కళ్లు మూసుకున్నాడు. వెనక వరసలో ఒక ముసలమ్మ పల్లవి అందుకుంది, ఎప్పుడో చిన్నప్పుడు విన్నదేమో. ఆమె పక్కవాళ్లు అందుకున్నారు. కాసేపటికి సభంతా పల్లవి పాడుతోంది. మూడోది, నాలుగోది, అలా చివరి తత్వం దాకా ఆ హోరు తగ్గలేదు.

అయిపోయాక సిద్ధప్ప దండం పెట్టబోయాడు. రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి. ఉలిక్కిపడి చుట్టూ చూశాడు. రీడర్ పక్కనే కూర్చున్న స్వామి ఒళ్లో ఉంది.

"ఎప్పుడు తీసుకున్నారు స్వామీ?"

"అది ఆగినప్పుడు. నువ్వు ఆగలేదు."

"ఇంకొక్కసారి పాడు నాయనా," అంది ముసలమ్మ.

స్వామి రీడర్ తిరిగి ఇవ్వబోయారు. సిద్ధప్ప చేయి చాచలేదు. గొంతు సవరించుకుని, మొదటి తత్వం ఎత్తుకున్నాడు.