కంపన్యేరో బిరుదు

“రేవు కూలీలు తిన్నాకే నేను ముద్ద ముడతాను.”

నీలకుర్తి రాజు రణసింగ భూపతి పట్టాభిషేకం నాడు ఇచ్చిన మాట ఇది. ఏడాది తిరక్కుండా రేవులోని గంజి సత్రానికి తాళం వేయించాడు. మోసే భుజాలు పస్తులుంటే, మోయించుకునే రాజు బిరుదుల వేటలో పడ్డాడు.

ఒకరోజు స్పెయిన్ ఓడ కప్తాను తన నావికుణ్ణి ‘కంపన్యేరో’ అని పిలవడం రాజు చెవిన పడింది. మాట గంభీరంగా ఉందనీ, ఇక అదే తన బిరుదనీ ప్రకటించాడు.

ఆస్థాన పండితుడు గరుడాద్రి శాస్త్రి అక్కడికక్కడే అర్థం తయారుచేశాడు. కంపం అంటే వణుకు కనుక, శత్రువుల్ని వణికించేవాడట. సభ తలలూపింది. తలలూపడానికే జీతం పుచ్చుకునే సభ అది.

పరదేశీయుల మాటలు రాజుకు తెలుగులో చెప్పే దుబాషీ కొమరన్న మాత్రం ఊపలేదు.

“మరి ఆచారం సంగతేమిటి శాస్త్రిగారూ?” అన్నాడు.

రాజుగారి వంశంలో బిరుదు ఊరికే రాదు. దాని అర్థాన్ని రాజు నిండు సభలో చేసి చూపాలి. గజవీరుడు కాబోయిన తాతగారు ఏనుగు మీంచి పడి నెలంతా మంచం దిగలేదు.

“వణికించడం ప్రభువులకు ఒక లెక్కటోయ్?” అన్నాడు శాస్త్రి.

రాజు మీసం దువ్వి, అర్థం ఏదైనా చేసి చూపిస్తానని సింహాసనం మీద ఒట్టు వేశాడు.

కొమరన్న కప్తానునే సభకు పిలిపించి, అతను చెప్పింది తెలుగులో వినిపించాడు. లాటిన్‌లో ‘కుమ్’ అంటే కలిసి, ‘పానిస్’ అంటే రొట్టె. ఒకే రొట్టె పంచుకు తినేవాడు కంపన్యేరో. ఇంగ్లీషువాళ్ల కంపానియన్, కంపెనీ కూడా ఆ ఇంటి బిడ్డలే.

శాస్త్రి ఉత్తరీయం సర్దుకుంటూ స్తంభం చాటుకు జరిగాడు. ఎవరితో తినాలని రాజు విసుగ్గా అడిగాడు.

“వాకిట్లోనే ఉన్నారు ప్రభూ, రేవు కూలీలు. పెట్టాల్సింది మీ కంచంలోంచే,” అన్నాడు కొమరన్న.

ఒట్టు వేశాక తప్పుతుందా? వెండి కంచం వచ్చింది. రాజు రొట్టె తుంచి, లోపలికి వచ్చిన కూలీల్లో ముందున్న పోలమ్మ చేతిలో పెట్టాడు. ఆమె నమిలి, తాపీగా చెప్పింది.

“ఉప్పు చాల్లేదు దొరా. రోజూ ఇదే తింటన్నావా, పాపం.”

ముందు రాజే నవ్వాడు. తర్వాత సభ పగలబడి నవ్వింది. రాజు తన చేతి కంకణం తీసి కొమరన్నకు ఇచ్చాడు. అతను దాన్ని కళ్లకద్దుకుని అన్నాడు.

“బహుమానం పుచ్చుకున్నాను ప్రభూ. సత్రం తాళం ఎప్పుడు తీస్తారో, కార్తీక పౌర్ణమి లోగా జవాబు కావాలి.”