పోలయ్య నోట్లో గుడ్లు

ఒకప్పుడు జెల్ల చేపలు ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, బురద గుంటలో గుడ్లు పెట్టేవి. గోళీకాయలంత గుడ్లు! తల్లి మేతకెళితే తండ్రి కాపలా ఉండాలి.

ఉండాలి అంటే ఉంటాడా? ఆ తండ్రి జెల్ల పోలయ్య సంగతి చెప్పాలంటే నాకే విసుగు, ఇక పెళ్లాం నూకాలుకి ఎంతుండాలి! మీసాలు ఊపుకుంటూ దారిన పోయే ప్రతి చేపనీ పలకరించేవాడు. కవళ్లనే చిన్న చేపల గుంపు కనబడితే చాలు, కబుర్లాడుతూ వాటి వెంట పోయేవాడు. కిందటిసారి పెట్టిన గుడ్లన్నీ అలాగే పోయాయి.

"మావా, నీకు దండమెడతాను. ఈసారైనా గుడ్లొదిలి కదలకు" అంది నూకాలు.

"నాకు తెల్దేటి? నువ్వెల్లు" అన్నాడు పోలయ్య.

ఆమె అటు వెళ్లిందో లేదో, ఇటు కవళ్లు వచ్చాయి. ఈసారి పోలయ్య గుడ్లను ఊరికే వదిలి వెళ్లలేదు. వాడు చేసిన ఏర్పాటు వింటే మీరూ తల బాదుకుంటారు. పక్క బొరియలోని పీతను పిలిచి, "బావా, ఇప్పుడే వచ్చేత్తాను. గుడ్లు కాత్త సూత్తుండు" అన్నాడు.

పీతకి! గుడ్లు అప్పగించాడు!

నూకాలు వచ్చేసరికి సగం గుడ్లు లేవు. పీత తాపీగా మూతి తుడుచుకుంటోంది. అప్పుడే పోలయ్య కూడా ఊగుతూ వచ్చాడు.

"పీతకి అప్పగించినావేటి మావా! నీకు బుర్రుందా?" అని ఏడ్చింది నూకాలు.

"సూత్తుండమన్నాను గానీ, తినమన్నానేటి?"

ఇంకా మాటలే! ఇంతలో పోటు తగ్గి పాటు మొదలై నీళ్లు సముద్రంవైపు లాగాయి. మిగిలిన గుడ్లు దొర్లిపోతున్నాయి. పట్టుకుందామంటే చేపలకు చేతులు లేవాయె. నూకాలు మొగుడి మొహంలోకి చూసింది.

"ఆ నోరెప్పుడూ తెరిసే ఉంటాది గదా! పట్టు!" అని అరిచింది.

పోలయ్య ఒక్కో గుడ్డునూ నోట్లోకి ఏరుకున్నాడు. చివరిది దొరికాక నోరు మూశాడు.

మర్నాడు కవళ్లు మళ్లీ వచ్చాయి. "ఏటి పోలయ్య బావా, కబుర్లు?" అని అడిగాయి. పోలయ్యకు చెప్పాలనే ఉంది. కానీ అప్పుడే నోట్లో ఒక గుడ్డు చిన్నగా కదిలింది. లోపల బిడ్డ! పోలయ్యకు భయం వేసింది, ప్రేమా పుట్టుకొచ్చింది. ఊఁ అని కూడా అనలేదు.

"పొగరెక్కింది వీడికి" అని కవళ్లు వెళ్లిపోయాయి.

అప్పటినుంచే తండ్రి జెల్ల గుడ్లను నోట్లో మోస్తాడు. లోపల పిల్లలు పెరిగి ఈదగలిగేదాకా, డొక్కలు ఎండినా ఒక్క రొయ్యను ముట్టడు, ఎవరు పిలిచినా పలకడు.