పానకాలు ఇంట్లో ప్లగిన్

నూజివీడు బస్టాండు వెనక సందులో పానకాలు ఇల్లు. ఇంట్లో ముగ్గురు. పానకాలు, ఆయన భార్య మాణిక్యం, తమ్ముడు గవర్రాజు. ముగ్గురికీ తమ తెలివి మీద మహా నమ్మకం. ఎండలో బయటికెళ్తే తెలివి ఆవిరైపోతుందని పానకాలు తలకి తడిగుడ్డ చుట్టుకునేవాడు. రాత్రి పడుకునేముందు మాణిక్యం చెవుల్లో దూది పెట్టుకునేది, కారిపోకుండా. ఇలాంటి ఇంటి ముందు "వెబ్‌సైట్లు చేయబడును" అని బోర్డుంది. ఎవరు పెట్టమన్నారో మాత్రం అడగకండి.

పెట్టమన్నది మాణిక్యం అక్క కూతురు హైమ. పాపం మంచి పిల్ల, కంప్యూటర్ చదువు చదివింది. ఖాళీగా కూర్చున్నారు కదాని పిన్నికీ బాబాయికీ ఈ పని నేర్పింది. కంప్యూటర్లో రెండు ఫోల్డర్లు పెట్టి, విడమరిచి చెప్పింది.

"బాబాయ్, ఇది ముడి ఫోల్డరు. పేజీకి ఏ రంగు, అక్షరాలెంత, బటనెక్కడ, అన్నీ ఈ స్టైల్ షీట్లో మీ వీలుకొద్దీ రాసుకోండి. రాసి సేవ్ నొక్కండి. ఇందులో ప్లగిన్ అని ఓ చిన్న మిషనులాంటిది ఉంది. అదే కంపైల్ చేసి, అంటే మీరు రాసింది పేజీకి పనికొచ్చేలా మార్చి, తయారైన సరుకు పక్క ఫోల్డర్లో పెడుతుంది. ఎక్కడైనా తప్పు రాస్తే ఎన్నో లైనులో ఉందో అదే చెబుతుంది. తీసేస్తే సరి."

"ఇంత చిన్న విషయానికి ఇంతసేపు చెప్పాలా అమ్మాయ్," అన్నాడు పానకాలు తడిగుడ్డ సర్దుకుంటూ. హైమ బెజవాడ వెళ్ళిపోయింది.

మర్నాడు పక్కింటి పేరిందేవిగారొచ్చారు. ఆవిడ ఆవకాయ తింటే వేళ్ళు నాకాల్సిందే. ఆవిడ పచ్చళ్ళ పేజీ కూడా వీళ్ళ దగ్గరే ఉంది.

"మాణిక్యం, ఆర్డర్ బటను తెల్లగా ఉందే, పేజీ కూడా తెలుపే. ఎవరికీ కనపడి చావట్లేదు. ఎర్రగా మార్చండమ్మా. మధ్యాహ్నం మూడింటికి విశాఖపట్నం కొట్టాయన చూస్తానన్నాడు. ఆయన ఊఁ అన్నాడంటే నా పచ్చడి ఈ సందు దాటుతుంది. లేదంటే ఇంతే, ఈ వయసులో ఇంకెవరొస్తారు నాకోసం?" అన్నారావిడ.

గవర్రాజు కూర్చున్నాడు. ఎరుపు రాశాడు. చివర పెట్టాల్సిన బ్రాకెట్ మర్చిపోయాడు. సేవ్ నొక్కాడు. అంతే, పధ్నాలుగో లైనులో తప్పుందని మిషను చెప్పింది.

"ఏం తప్పట?" అంది మాణిక్యం.

"అది మనకెందుకు వదినా? లైను చెప్పింది, తీసేయడమే."

తీసేశాడు. ఇప్పుడు పదమూడో లైనులో అంది. అదీ తీసేశాడు. పన్నెండంది. ఇంకేముంది, ముగ్గురూ వంతులేసుకున్నారు. ఒకరు నంబరు చదవడం, ఒకరు తీసేయడం, ఒకరు వాళ్ళకి మజ్జిగివ్వడం. చివరికి లైన్లే లేవు. ఫైల్లో ఏమీ లేదు. అప్పుడు మిషను ఏ తప్పూ లేదంది.

"చూశావా, ఒక్క తప్పు కూడా లేదు. హైమ రాసినప్పుడైనా ఇంత శుభ్రంగా ఉందా?" అన్నాడు పానకాలు. మాణిక్యం సందంతా పంచదార పంచింది.

రెండింటికి పేరిందేవిగారు చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. "నాయనా, నా పేజీకి ఏమైంది? రంగుల్లేవు, బొమ్మలు ఎటో పోయాయి, అక్షరాలన్నీ ఓ మూలకి చేరాయి. బటనైతే వెతికినా దొరకట్లేదు."

"కంగారు పడకండి పిన్నిగారూ. తప్పేం లేదని మిషనే చెప్పింది," అంది మాణిక్యం.

ఆవిడ గుమ్మంలోనే కూలబడిపోయారు. కొంగుతో మొహం తుడుచుకున్నారు. అది చూసి వీళ్ళ ముగ్గురికీ ప్రాణం ఉసూరుమంది. తెలివి మాటెలా ఉన్నా మనసు మంచివాళ్ళు. వెంటనే హైమకి ఫోన్ చేశారు.

జరిగింది విని హైమ నవ్వాపుకుని, తన దగ్గరున్న పాత ఫైల్లో ఎరుపు రాసి, బ్రాకెట్ పెట్టి పంపింది. "ముడి ఫోల్డర్లో పెట్టి సేవ్ నొక్కండి బాబాయ్. ఆ తర్వాత ఇంకేమీ ముట్టుకోకండి, మీకు పుణ్యముంటుంది."

సేవ్ నొక్కారు. పేజీ కళకళలాడింది, బటను ఎర్రగా మెరిసింది. ఇక ముగ్గురూ చేతులు పైకెత్తి గది మధ్యలో నిలబడ్డారు. ఏమీ ముట్టుకోవద్దందిగా. కుర్చీ ముట్టుకోలేదు, గోడకి ఆనుకోలేదు. గవర్రాజు ముక్కు మీద ఈగ వాలింది, దాన్నీ ముట్టుకోలేదు. మూడింటికి బల్లమీద ఫోన్ మోగింది, పచ్చళ్ళ పేజీలో ఇచ్చిన నంబరదే. పానకాలు ఫోన్ వంక చూశాడు, మాణిక్యం పానకాలు వంక చూసింది. ఎవరూ కదల్లేదు. ఆగిపోయేలోపు పేరిందేవిగారే లేచి, మూడంగల్లో అందుకున్నారు.

విశాఖపట్నం ఆయనే. పేజీ బాగుంది, బటను నొక్కేశాను, రెండొందల సీసాల ఆవకాయ ఆదివారానికల్లా పంపండి అన్నాడు. ఆవిడ కళ్ళు చెమర్చాయి. వెంటనే దిగులూ పట్టుకుంది. "సంతోషమే గానీ, రెండొందలు నేనొక్కదాన్నే ఎప్పుడు కలుపుతాను? సరే, ముందు కాయలు చూసొస్తాను," అంటూ బజారుకెళ్ళారు.

పానకాలుకి జాలేసింది. "పాపం పెద్దావిడ. ముడి సరుకు రాస్తే తయారైన సరుకిచ్చే మిషను మనింట్లో ఉండగా ఆవిడకెందుకురా ఈ అవస్థ?"

ఆ మాట మిగతా ఇద్దరికీ ఎంతో నచ్చింది. గవర్రాజు స్టైల్ షీటు తెరిచి అన్నిటికంటే పైన రాశాడు. మొదటి లైనులో మామిడికాయలు వెయ్యి. దాని కింద కారం, ఆవపిండి, ఉప్పు, నూనె. మాణిక్యం పక్కింటి నుంచి సీసాలన్నీ మోసుకొచ్చి, మూతలు తీసి, కంప్యూటర్ ముందు వరసగా పేర్చింది. సేవ్ నొక్కారు. ముగ్గురూ ఊపిరి బిగబట్టి సీసాల్లోకి చూశారు.

మొదటి లైనులో తప్పుందని మిషను చెప్పింది.

"మొదటి లైనంటే కాయలేగా," అంది మాణిక్యం. "పులుపు చాల్లేదు కాబోలు. ముందు 'పుల్లటి' అని రాసి మళ్ళీ నొక్కు గవర్రాజూ."