నూకరత్నం వైపు నెట్టు

సాంబమూర్తి మాస్టారిని ఏదైనా అడిగితే జవాబు ఆ పూట రాదు. నలభై ఏళ్లు నాటకాలకు హార్మోనియం వాయించిన మనిషి. నటుడు పద్యం ఎత్తుకునేదాకా శ్రుతి పట్టుకుని కూర్చోవడం అలవాటైపోయి, మామూలు మాటల్లో కూడా అలాగే కూర్చుంటారు. వేసవిలో దాహమేస్తోందా అని అడిగితే జవాబు వానాకాలంలో వస్తుందని రాజమండ్రిలో శిష్యులు చాటుగా నవ్వుకునేవారు. ఆ నవ్వుల్లో గోవర్ధనం గొంతే పెద్దది.

ఈ గోవర్ధనం ఆయన దగ్గర పద్యాలు నేర్చుకుని, ఇప్పుడు తానే సాయంత్రంపూట కంప్యూటరు ముందు కూర్చుని ఊరూరి వాళ్లకు నేర్పుతున్నాడు. మహా చురుకైనవాడు. గంటలో పదకొండు మంది చేత పాడించి, పన్నెండో మనిషికి కూడా చోటుందనేవాడు. ఒకనాడు పొద్దున్నే మాస్టారి దగ్గరికొచ్చి, కూర్చోకుండానే సందేహం బయటపెట్టాడు. నెలకు నాలుగువేల నెట్టు ప్లాను ఒకటుంది, ఊళ్లో అంతకన్నా వేగమైనది లేదు. తనకిప్పుడున్నది అయిదువందలది. అంత పోసి తీసుకోవడం దండగా, కాదా?

హార్మోనియం మెట్ల మధ్య బతికిన మనిషిని నెట్టు ధర గురించి అడగడం నవ్వులాటే. కానీ గోవర్ధనం బెంగ మాత్రం నిజమైనది. తునిలో జాకెట్లు కుట్టే నూకరత్నం అనే ఆవిడ ఆర్నెల్లుగా క్లాసుకు వస్తోంది. ఆవిడ వంతు రాగానే బొమ్మ ఆగిపోతుంది. తెరిచిన నోరు తెరిచినట్టే, మూసిన కళ్లు మూసినట్టే ఉంటాయి, చప్పుడుండదు. ఇతను కాసేపు చూసి, మీ వైపు ఆగిపోయిందమ్మా, తర్వాత చూద్దాం అని పక్కవాళ్ల దగ్గరికి వెళ్లిపోతాడు. ఆ తర్వాత అనేది ఏ రోజూ రాలేదు. నెట్టు మార్చుకోమంటే, మార్చానండి అని మెసేజీ పెట్టింది. అయినా అంతే. నిన్న ఇంకో మెసేజీ వచ్చింది, నా వల్ల క్లాసు ఆగుతోంది, ఈ నెలతో మానేస్తానండి అని. అటువైపు బాగుచేసినా ఆగుతోందంటే లోపం తన వైపే ఉండాలని గోవర్ధనం తేల్చుకున్నాడు. ఇప్పుడు వేగం కొనకపోతే శిష్యురాలు చెయ్యి జారిపోతుంది.

మాస్టారు చాలాసేపు ఊరుకుని, "ఆవిడ వెనకాల ఏం కనిపిస్తుంది?" అన్నారు.

అదేం ప్రశ్నో గోవర్ధనానికి బోధపడలేదు. "కుట్టుమిషనండి. గోడకో క్యాలెండరు. ఆవిడ పాట కోసం చూస్తున్నంతసేపూ ఫ్యాను గాలికి ఒకటే ఎగురుతుంటుంది, దానికి దారం కట్టమని చెబుదామనుకుంటానండి."

మాస్టారు తలూపారు. ఆదివారం ఆవిణ్ణి ఇక్కడికి రమ్మని రాయి, నీ ప్లాను సంగతి అప్పుడు చూద్దాం అన్నారు.

ఆదివారం నూకరత్నం పాసింజరు బండిలో దిగింది. నలభై దాటిన మనిషి. ఇంట్లో చేసిన మామిడి తాండ్ర మాస్టారి ముందు పెట్టి, నమస్కారం తప్ప మాట లేకుండా చాప మీద ఒదిగి కూర్చుంది. మాస్టారు హార్మోనియం ముందుకు లాక్కుని, శ్రుతి పట్టి, గోదావరి మీద తాను కట్టిన పద్యం పాడమన్నారు. ఆయన శిష్యులూ, వాళ్ల శిష్యులూ మొట్టమొదట నేర్చుకునేది అదే.

ఆమె నోరు తెరిచింది. కళ్లు మూసుకుంది. చప్పుడు లేదు. మెడ నరం బిగిసింది, చీర చెంగు వేళ్ల మధ్య నలిగిపోతోంది. మాస్టారి వేలు శ్రుతి మెట్టు మీద అలాగే ఉంది. అలా నాలుగు క్షణాలు గడిచాయో లేదో—

"అమ్మా, మీ వైపు ఆగిపోయింది" అన్నాడు గోవర్ధనం.

మూరెడు దూరంలో కూర్చున్న మనిషితో అన్నాడు. మధ్యన తీగ లేదు, తెర లేదు, ఉన్నదల్లా తాండ్ర పొట్లం. అనేశాక గాని తన మాట తనకు వినపడలేదు.

మాస్టారు ఇతని వైపు చూడలేదు, శ్రుతి ఆపలేదు. కాకి ఒకటి పిట్టగోడ మీద వాలి, ఇటూ అటూ చూసి, ఎగిరిపోయింది. అప్పటికి నూకరత్నం నోట మొదటి అక్షరం రెండుమూడుసార్లు విరిగి, నాలుగోసారి నిలిచింది. రాగం అందుకున్నాక ఇక అడ్డే లేదు. నాలుగు పాదాలూ ఎక్కడా తడబడకుండా పాడింది, నేర్పినవాడికన్నా బాగా పాడింది. ఆర్నెల్లలో గోవర్ధనం ఆమె గొంతు వినడం అదే మొదలు.

పాట అయ్యాక ఆమే ముందు క్షమించమన్నట్టు చేతులు జోడించింది. మాటకూ మాటకూ మధ్య ఆగుతూ, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. "చిన్నప్పట్నుంచీ నత్తండి నాకు. పాడితే ఉండదండి, అందుకే చేరాను. మీరు నెట్టన్నారు. నత్తి అని చెప్పుకోవడానికి సిగ్గేసి, నెట్టే అనుకోనిచ్చానండి." నలిగిన చెంగు సవరించుకుని మళ్లీ అంది. "మా తునిలో ఉన్నవాటిలో పెద్ద ప్లానే తీసుకున్నానండి. నెట్టు మారిందండి. నోరు మారలేదు."

ఆ ప్లానుకు నెలకెన్ని జాకెట్లు కుడుతోందో అడగడానికి గోవర్ధనానికి ముఖం చెల్లలేదు. ఆడలేక మద్దెల ఓడు అన్నవాడు పాపం మద్దెలనే తిడతాడు. ఇతను వినలేక తీగను తిట్టి, ఆ తీగ ఖరీదు ఈ మనిషి చేత కట్టించాడు. సిగ్గు చెవుల దాకా ఎక్కింది. తప్పయిపోయిందమ్మా అందామనుకున్నాడు, మొదటి మాట నోట్లోనే ఉండిపోయింది. ఎంతకీ రాలేదు. నూకరత్నం తొందరేమీ లేనట్టు అతని ముఖంలోకి చూస్తూ, అది వచ్చేదాకా కూర్చుంది.

వెళ్లేటప్పుడు, బుధవారం క్లాసుకు వస్తానండి అంది. గోవర్ధనం స్టేషను దాకా వెళ్లి బండెక్కించి తిరిగొచ్చాడు. ప్లాను సంగతి ఎత్తలేదు. తలొంచుకుని గుమ్మంలోనే నిలబడి, ఆవిణ్ణి చూడకుండానే మీకెలా తెలిసిందండీ అని మాత్రం అడిగాడు.

మాస్టారు ఈసారి ఆలస్యం చెయ్యలేదు. "నువ్వే చెప్పావు కదరా, వెనకాల క్యాలెండరు ఎగురుతోందని" అన్నారు.