తాతయ్య గేటు వేస్తే వేసినట్టే

వానకి బావి తడిసిపోతుందని దాని మీద గొడుగు పట్టిన ఇల్లు మాది. అంత ముందుచూపు మా వీధిలో ఇంకెవరికీ లేదని మా మామ్మ అచ్చియ్యమ్మ ఇప్పటికీ చెప్పుకుంటుంది. నేనూ ఆ రక్తమే. ఒప్పుకోవడానికి సిగ్గేం లేదు, ఆ గొడుగు పట్టుకున్నది నేనే.

మా తాతయ్య పేరు సన్యాసప్పడు. రైలు గేటు దగ్గర ముప్ఫై నాలుగేళ్ళు గేట్‌మ్యాన్‌గా చేశాడు. రైలొస్తుంటే గేటు వెయ్యాలి, పచ్చజెండా ఊపాలి, రైలు దాటిపోయాక గేటు తియ్యాలి. ఆయనకి తెలిసిన లోకం అంతే. అరవై నిండగానే దండ వేసి ఇంటికి పంపేశారు. మనిషి వచ్చాడు గానీ చేతులు ఊరుకోలేదు. ఇంకేముంది, వంటింటి గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాడు. దూరంగా రైలు కూత వినపడితే చాలు, తలుపు వేసేసేవాడు. అన్నం లోపల, మేం బయట.

"ఏమండోయ్, పప్పు మాడుతోంది! తలుపు తియ్యండి!" అని మామ్మ అరిచేది.

"గూడ్సు బండే. యాభై ఎనిమిది పెట్టెలు. దాటనీ."

నెల తిరిగేసరికి మామ్మ తెగేసి చెప్పింది. "ఈయనకో పనైనా చూడండి, లేదంటే నేను మా తమ్ముడింటికి పోతాను. మాడిన పప్పు నావల్ల కాదు."

"నాకూ పనే కావాలమ్మడూ," అన్నాడు తాతయ్య నాతో, అరచేతులు చూసుకుంటూ.

సరే, ముందు రైసుమిల్లుకి వెళ్ళాం. షావుకారు తాతయ్యని ఎగాదిగా చూసి, "ఏం చేస్తుంటారు?" అన్నాడు.

"రిటైరయ్యానండి!" అన్నాడు తాతయ్య ఛాతీ విరిచి.

షావుకారు ముఖం చల్లబడిపోయింది. "రిటైరైన వాళ్ళకి పని మీద యావ ఉండదు పెద్దాయనా. ఇంట్లో తోచక వస్తారు, నాలుగు రోజులకి నడుం నొప్పంటారు. హాయిగా విశ్రాంతి తీసుకోండి," అని లోపలికి వెళ్ళిపోయాడు.

ఒకరి మాట తీసెయ్యడం మా ఇంటా వంటా లేదు. అంతే, తాతయ్య అక్కడే తవుడు బస్తాల మీద నడుం వాల్చాడు. నేను విసురుతూ కూర్చున్నాను. సాయంత్రం షావుకారు వచ్చి చూస్తే గుర్రు.

"ఇదేంటయ్యా!"

"మీరు తీసుకోమన్నదేనండి. ఇంకా సగమే అయింది."

ఇద్దర్నీ రోడ్డు దాకా సాగనంపారు. తిరిగొస్తుంటే జిరాక్సు కొట్టు కామేశం పిలిచి సలహా చెప్పాడు. "బాబాయ్, ఆ రిటైరన్న మాట ఎత్తకు. అది వినగానే వాళ్ళ కళ్ళకి నువ్వు కాదు, పడక్కుర్చీ కనపడుతుంది. వయసు కూడా కనపడనివ్వకు."

బంగారం లాంటి మాట! వయసు ఎక్కడెక్కడ కనపడుతోందో చూడ్డానికి తాతయ్యని ఎండలో నిలబెట్టాం. జుట్టులో కనపడింది, మంకీ క్యాప్ తొడిగాం. కళ్ళ కింద కనపడింది, నల్లద్దాలు పెట్టాం. చేతుల మీద కనపడింది, మా బాబాయి గవర్రాజు మేజోళ్ళు చేతులకి తొడిగాం. మే నెల. ముక్కొక్కటే మిగిలింది.

"ముక్కుకి ఎన్నేళ్ళుంటాయి?" అన్నాడు బాబాయి.

ఎవరికీ తెలీలేదు. ఎందుకైనా మంచిదని దానికీ రుమాలు కట్టి, ప్రైవేటు బడికి తీసుకెళ్ళాం. వాళ్ళకి గేటు దగ్గర మనిషి కావాలట. తాతయ్యని చూసి హెడ్మాస్టరు కుర్చీ వెనక్కి జరిపాడు.

"ఎవరు నువ్వు? ఇన్నాళ్ళూ ఎక్కడున్నావ్?"

రిటైరన్న మాట ఎత్తకూడదు కదా. తాతయ్య చాలా ఆలోచించి మాట్లాడాడు. "ముప్ఫై నాలుగేళ్ళు ఒంటిగదిలో ఉన్నానండి. ఎదురుగా ఇనప గేటు."

"ఎ... ఎప్పుడొదిలారు?"

"పోయిన నెలేనండి. వదిలేటప్పుడు దండేశారు. అందరూ ఏడ్చారు."

హెడ్మాస్టరు కిటికీలోంచి దూకేశాడు. గుమ్మం అంత దగ్గర్లో ఉండగా కిటికీ ఎందుకో! చదువుకున్న వాళ్ళకి తెలివి తక్కువని మామ్మ ఊరికే అనదు.

ఈలోగా మామ్మ సంచి సర్దేసింది. రెండు రోజుల్లో తమ్ముడింటికి ప్రయాణం. ఇంక మిగిలింది పెళ్ళిళ్ళు చేసే ఫంక్షను హాలొక్కటే. దాని యజమానురాలు వర్ధనమ్మగారు తాతయ్య ముక్కు మీది రుమాలు స్వయంగా విప్పి, మంచినీళ్ళిచ్చి, జరిగిందంతా విని కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వింది.

"రిటైరయ్యానని చెప్పడం తప్పు కాదు తాతగారూ. ఆ మాటతోనే ఆగిపోతే మీకింక పని అక్కర్లేదేమో అనుకుంటాం. మీకు పని కావాలా, వద్దా?"

"కావాలమ్మా."

"ఏం వచ్చు?"

"గేటు వెయ్యడం వచ్చు, తియ్యడం వచ్చు. ముప్ఫై నాలుగేళ్ళలో నా గేటు దగ్గర కోడిపిల్ల కూడా పోలేదు."

వర్ధనమ్మగారు నవ్వడం ఆపేసింది. "రేపు పొద్దున్నే పెళ్ళుంది. గేటు మీది. మీకెలా అలవాటో అలాగే చూసుకోండి."

ఇంకేముంది! ఇంటికి పరిగెత్తి నా ఆకుపచ్చ ఓణీ కత్తిరించి జెండా కుట్టాను. తెల్లారేసరికి ఇంటిల్లిపాదీ గేటు లోపల వరసగా నిలబడ్డాం. మామ్మ సంచితో సహా వచ్చింది, పని కుదిరిందో లేదో చూసి బస్సెక్కుతానని.

సన్నాయి వినపడింది. పూలు కట్టిన కారు మలుపు తిరిగింది. పెళ్ళికొడుకు వస్తున్నాడు!

బండి వస్తోందంటే ఏం చెయ్యాలో తాతయ్యకి ఒకరు చెప్పాలా? చటుక్కున గేటు వేసేశాడు. నిటారుగా నిలబడి పచ్చజెండా ఊపాడు. కారు నెమ్మదించింది. వెనక లారీ హారను, ఎదురుగా జెండా. డ్రైవరు తికమకపడి తిన్నగా పోనిచ్చాడు. కూడలి దాకా వెళ్ళి, చుట్టు తిరిగి, మళ్ళీ వచ్చాడు. తాతయ్య మళ్ళీ జెండా ఊపాడు. మూడో చుట్టుకి, కారు వెంట పరిగెడుతున్న సన్నాయి వాయించేవాడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నాడు. నాలుగో చుట్టుకి పెళ్ళికొడుకు కారులోంచి సగం బయటికొచ్చి దణ్ణం పెట్టాడు. ఎంత మర్యాద! తాతయ్య కూడా తిరిగి దణ్ణం పెట్టాడు.

ఆయన ముఖం అలా వెలగడం నేను నెల తర్వాత చూశాను. మామ్మ కూడా చూసింది. చూసి, సంచి కింద పెట్టేసింది. "పని కుదిరింది," అంది.

అప్పుడు వర్ధనమ్మగారు పరిగెత్తుకొచ్చింది. "తాతగారూ! ముహూర్తం దాటిపోతోంది! పెళ్ళికొడుకేడీ?"

"నాలుగుసార్లు క్షేమంగా దాటించానమ్మా."

"గేటు తియ్యండి!"

"ఇంకో బండి వస్తున్నట్టుంది. సన్నాయి వినపడుతోంది. అది దాటాక."

ఆవిడ తల పట్టుకుని అక్కడే కూలబడింది. "మహానుభావా, మీ పనికో దణ్ణం! తక్షణం మీ ఇంటికి వెళ్ళిపోండి!"

తాతయ్య జాలిగా చూశాడు ఆవిడ వంక.

"గేటు వేసుంటే ఎలా వెళ్తానమ్మా?" అని, ఐదోసారి జెండా ఎత్తాడు.